కట్టుకథల నడుమ కంచుకంఠం

1960 అక్టోబరు 24, సాయంత్రం. పారిస్ పడమటి అంచున బులెవార్ లాన్ అనే కలిగినవాళ్ల వీధి. ఒక ఇంటి గుమ్మంలో ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకరు గీత రచయిత మిషెల్ వోకేర్, రెండోవాడు ముప్పై ఒక్కేళ్ల స్వరకర్త షార్ల్ ద్యుమోన్. ఇంటావిడకు ఒంట్లో బాగాలేదు, ఇవాళ కుదరదని లోపలినుంచి జవాబు. ద్యుమోన్‌కు ఆ గుమ్మం దగ్గర చుక్కెదురు కావడం కొత్తేం కాదు. అంతకుముందు తెచ్చిన పాటలనూ ఆమె వద్దనేసింది. వెనక్కి తిరగబోతుంటే లోపలి గదిలోంచి ఆమె గొంతే వినిపించింది, వచ్చారు గనక రమ్మని. అయితే ఒక్క పాటే వింటానని షరతు.

ద్యుమోన్ పియానో ముందు కూర్చుని వినిపించాడు. ఆమె మళ్లీ వాయించమంది. ఆ తర్వాత మళ్లీ. ఆ రాత్రి స్నేహితులకు కబుర్లు వెళ్లాయి. వచ్చినవాళ్లందరి కోసం ద్యుమోన్ పాట మొదటినుంచీ అందుకోవలసి వచ్చింది. ఒలింపియా హాలు నడిపే బ్రూనో కొకాత్రిక్స్‌కూ పిలుపు వెళ్లింది. అప్పటికి ఆ హాలు దివాలా అంచున ఉంది. ఇంటావిడ రెండేళ్లుగా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతోంది. ఆమె మళ్లీ వేదిక ఎక్కుతుందని పారిస్‌లో ఎవరికీ నమ్మకం లేదు. రెండు నెలలు దాటేసరికి ఆమె ఒలింపియా వేదిక మీద ఆ పాట పాడింది. కచేరీలు వారాల తరబడి సాగాయి, హాలు నిలబడింది.

ఆ పాట పేరు ‘నోన్, జ న రెగ్రెత్ రియాన్’, అంటే ‘లేదు, దేనికీ చింతించను’. ఆమె ఎడిత్ పియాఫ్.

పేరు తెలియకపోయినా ఈ పాట చాలామంది తెలుగువాళ్ల చెవిన పడే ఉంటుంది. 2010లో వచ్చిన క్రిస్టఫర్ నోలన్ సినిమా ‘ఇన్సెప్షన్’లో కలల్లోకి దిగినవాళ్లను వెనక్కి పిలిచే సంకేతం ఈ పాటే. హాన్స్ జిమ్మర్ దీని వేగాన్ని బాగా తగ్గించి, అందులోంచి వచ్చిన గంభీరమైన బూరల మోతను ఆ సినిమా నేపథ్య సంగీతానికి పునాది చేసుకున్నాడు. అంతకు మూడేళ్ల ముందు పియాఫ్ పాత్ర వేసి ఆస్కార్ గెలిచిన మారియోన్ కొతియార్ కూడా ఆ సినిమాలో ఉంది.

పియాఫ్ గురించి ఎవరు రాసినా కన్నీటి చిట్టా ఒకటి విప్పుతారు. తల్లి వదిలేసిన పసిబిడ్డ, వేశ్యాగృహంలో బాల్యం, రెండేళ్లకే పోయిన కూతురు, విమాన ప్రమాదంలో పోయిన ప్రియుడు, మత్తుమందులు, నలభై ఏడేళ్లకే మరణం. ఇవన్నీ జరిగినవే. కానీ ఈ చిట్టా చదివి మూసేసిన వాళ్లకు ఆమె గుండెలో బాధ పొంగింది గనక పాట వచ్చిందనే అభిప్రాయం మిగులుతుంది. బాధపడ్డవాళ్లు పారిస్‌లో లక్షల మంది ఉన్నారు. ఆ పాటలు మాత్రం ఒక్కరికే వచ్చాయి. కారణం వెతకాలంటే కన్నీళ్లను కాస్త పక్కన పెట్టి ఆమె పని చూడాలి. దానికి ముందు ఆమె చుట్టూ అల్లుకున్న కథల తీగను కొంత తప్పించాలి. ఆ తీగకు నీళ్లు పోసినవాళ్లలో మొదటిది ఆమే.

మెట్ల మీద పుట్టిందట

పారిస్ తూర్పున బెల్విల్ పేట. రూ ద బెల్విల్‌లో 72వ నంబరు ఇంటి గోడకు ఒక ఫలకం ఉంది. ఎడిత్ పియాఫ్ 1915 డిసెంబరు 19న ఈ ఇంటి మెట్ల మీద, కటిక పేదరికంలో పుట్టిందని దాని సారాంశం. ఆసుపత్రికి వెళుతూ దారిలోనే నొప్పులు రావడం, కానిస్టేబుల్ తన పైవస్త్రం పరచడం వగైరా వివరాలు కూడా ప్రచారంలో ఉన్నాయి. పురపాలక రికార్డుల్లోని జనన ధ్రువపత్రం మాత్రం ఆమె తెనోన్ ఆసుపత్రిలో పుట్టిందంటుంది. ఫలకం ఇప్పటికీ అక్కడే ఉంది. పర్యాటకులు దాని ముందే నిలబడి ఫొటోలు దిగుతారు. ఆసుపత్రి గేటు ముందు ఎవరు దిగుతారు?

అసలు పేరు ఎడిత్ జొవానా గాస్యోన్. ఆ ఏడాది అక్టోబరులో జర్మన్లు కాల్చి చంపిన బ్రిటిష్ నర్సు ఎడిత్ కావెల్ పేరు పెట్టారు. యుద్ధకాలంలో పుట్టిన చాలామంది ఆడపిల్లలకు ఆ పేరు వచ్చింది. తండ్రి లూయీ గాస్యోన్ నార్మండీవాడు. వీధుల్లో, సర్కసుల్లో ఒళ్లు విల్లులా వంచి విన్యాసాలు చేసి బతికేవాడు. తల్లి అనెత్తా ఇటలీలో పుట్టింది. లీన్ మార్సా అనే పేరుతో కెఫేల్లో, వీధుల్లో పాడేది. ఆమె తల్లి మూలాలు ఉత్తర ఆఫ్రికావి. ఫ్రాన్స్ తన గొంతుగా చెప్పుకునే గొంతులో ఇన్ని ఊళ్ల రక్తం ఉంది.

తండ్రి యుద్ధానికి వెళ్లాడు. తల్లి పిల్లను తన తల్లి దగ్గర వదిలి పాటల వెంట పోయింది. సెలవులో వచ్చిన తండ్రి చూసేసరికి బిడ్డ ఎముకల గూడులా ఉంది. తీసుకెళ్లి నార్మండీలోని బెర్నే అనే చిన్న ఊళ్లో తన తల్లి దగ్గర పెట్టాడు. ఆ నాయనమ్మ పనిచేసే చోటు వేశ్యాగృహం. అక్కడి ఆడవాళ్లే పిల్లను పెంచారు. ఎడిత్‌కు కడుపు నిండా తిండి, శుభ్రమైన బట్ట దొరికింది ఆ ఇంట్లోనే. ఆమెకు కళ్లకు జబ్బు చేసింది. కార్నియాకు వాపు వచ్చి చూపు మందగించింది. లిసియూలోని తెరేజ్ సమాధికి తీసుకెళ్లి మొక్కుకున్నాక చూపు వచ్చిందని ఆమె జీవితాంతం నమ్మింది. అప్పటికి తెరేజ్‌ను చర్చి ఇంకా పునీతగా ప్రకటించలేదు, అది 1925లో జరిగింది. వైద్యం వల్ల తగ్గిందా, మొక్కు వల్ల తగ్గిందా అనే వాదన వల్ల ఒరిగేది లేదు. తెరేజ్ మీద నమ్మకాన్ని మాత్రం పియాఫ్ కడదాకా వదల్లేదు.

ఏడేళ్ల వయసు దాటాక తండ్రి వెంట తిరగడం మొదలైంది. ఆయన విన్యాసాలు, చివర్లో పిల్ల డబ్బులు పోగు చేయడం. ఈ దృశ్యం మనకు బొత్తిగా కొత్త కాదు. దొమ్మరి ఆటగాళ్లు వచ్చినప్పుడు గడ మీద పెద్దవాళ్లు, కింద పళ్లెం పట్టుకుని పిల్లలు ఉండటం మన ఊళ్లు చూసినవే. ఒకరోజు పిల్ల పాడితే డబ్బులు ఎక్కువ పడ్డాయి. పదిహేనేళ్లు వచ్చేసరికి తండ్రిని వదిలేసి సొంతంగా వీధుల్లో పాడుతోంది. తోడు సిమోన్ బెర్తో అనే స్నేహితురాలు. ఈ సిమోన్ 1969లో పియాఫ్ జీవిత చరిత్ర ఒకటి రాసి, తాను ఆమెకు సవతి చెల్లెలినని చెప్పుకుంది. పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. చుట్టరికం అబద్ధం.

ఆమె చదువుకున్న బడి ఏదైనా ఉంటే అది వీధే. మైకు లేదు. పారిస్ భవనాల లోపలి పెరళ్లలో నిలబడి పాడితే నాలుగో అంతస్తు కిటికీ దాకా వినిపించాలి. పైవాళ్లకు నచ్చితే కాగితంలో చుట్టి చిల్లర కిందికి విసురుతారు. మాట అర్థం కాకపోతే చిల్లర పడదు. తర్వాతి కాలంలో ఎంత పెద్ద వాద్యబృందం వెనుక మోగుతున్నా ఆమె పలికే ప్రతి అక్షరం విడివిడిగా వినపడటానికి మూలం ఇక్కడుంది. ఆ రకారాన్ని ఒత్తి దొర్లించే తీరు కూడా పేటల్లోంచి వచ్చిందే. ఫ్రెంచి రానివాళ్లకు కూడా ఆమె ఏదో కచ్చితమైన సంగతి చెబుతోందని అనిపిస్తుంది.

1933లో, పద్దెనిమిదేళ్లు నిండకుండానే, కూతురు మార్సెల్ పుట్టింది. 1935లో మెనింజైటిస్‌తో పోయింది. పియాఫ్ తర్వాత పిల్లల్ని కనలేదు.

పిచ్చుకకు శిక్షణ

1935 శరత్కాలంలో షాంజెలిజే దగ్గరి ఒక వీధి మూల పాడుతుండగా లూయీ లెప్లే ఆగాడు. ఆయన జెర్నీస్ అనే క్యాబరే యజమాని. అలా పాడితే గొంతు పాడవుతుందని చెప్పి, వచ్చి కలవమన్నాడు. పిట్టంత మనిషి, ఐదడుగులు కూడా లేదు. వీధి భాషలో పిచ్చుకను పియాఫ్ అంటారు. ‘లా మోమ్ పియాఫ్’, పిచ్చుక పిల్ల, అని వేదిక పేరు పెట్టాడు. నల్ల దుస్తులు అప్పుడే మొదలయ్యాయి. మొదటి రాత్రికి ఆమె అల్లుకుంటున్న స్వెటరుకు ఒక చెయ్యి పూర్తికాలేదని, దాన్ని కప్పడానికి ఎవరో తెల్ల శాలువా కప్పారని ఆమె చెప్పుకునేది. కథ బాగుంది కదా, అడ్డు చెప్పడానికి మనసొప్పదు.

ఆరు నెలలు గడవకముందే, 1936 ఏప్రిల్‌లో, లెప్లే తన ఇంట్లోనే హత్యకు గురయ్యాడు. ఆమెకు తెలిసిన దొంగల ముఠా హస్తం ఉందేమోనని పోలీసులు ప్రశ్నించి వదిలేశారు. పత్రికలు వదల్లేదు. అంతవరకు చప్పట్లు కొట్టిన పారిస్ మొహం తిప్పుకుంది. ఆమె కథ అక్కడితో ముగిసిపోవలసింది.

ముగియనివ్వనివాడు రేమోన్ అస్సో. సైన్యంలో పనిచేసి వచ్చిన గీత రచయిత. ఆమెను తన దగ్గరకు తీసుకుని ఒక విధంగా మళ్లీ మొదటినుంచీ చెక్కాడు. కత్తీ ఫోర్కూ పట్టుకోవడం, అక్షరాలు, అన్నిటికంటే ముఖ్యంగా పాడే పాటలోని మాట అర్థం ఏమిటో తెలుసుకుని పాడటం. పాత స్నేహాలు తెంచేశాడు, ‘లా మోమ్’ తీసేసి ఎడిత్ పియాఫ్ చేశాడు. 1937లో పారిస్‌లోని ఏబీసీ మ్యూజిక్ హాలు ఆమెకు తలుపు తెరిచింది. ఇలాంటి ఉద్యోగం చేసే మగవాడు ఇంట్లో ఎంత నియంతగా ఉంటాడో ఊహించుకోవచ్చు. ఆమె నేర్చుకోవలసింది నేర్చుకుని బయటపడింది. ఆ పాఠం చెప్పే పద్ధతిని మాత్రం వెంట తీసుకుపోయింది.

ఇక్కడ ఫ్రెంచి పాట సంగతి కొంచెం చెప్పాలి. మనకు దాదాపు వందేళ్లుగా పాటంటే సినిమా పాట. సన్నివేశం దర్శకుడిది, పెదవులు నటుడివి, గాయకుడు తెర వెనుక. అక్కడి ‘షాన్సోన్’ ఒంటరిగా నిలబడే రచన. మూడు నిమిషాల్లో ఒక మనిషి, ఒక సంఘటన, ఒక ముగింపు ఉంటాయి. గాయకుడే దానికి నటుడు, దర్శకుడు. ఏ పాట తీసుకోవాలో, ఏది వద్దో తేల్చుకోవలసిందీ అతనే. పియాఫ్‌కు ముందు ఫ్రెహెల్, దామియా లాంటి స్త్రీలు రేవుల్లో, వీధుల్లో నలిగిన ఆడవాళ్ల కథలు పాడి ‘వాస్తవిక గీతం’ అనే దారి వేశారు. ఆ నల్ల దుస్తుల ఆలోచనా వాళ్లనుంచి వచ్చిందే. పియాఫ్ ఆ దారిలోనే బయల్దేరింది.

అస్సో రాసిన ‘మోన్ లెజియోనేర్’కు బాణీ కట్టింది మార్గరీత్ మొన్నో. పియాఫ్ కథలో కావలసినంత చోటు దొరకని పేరిది. ఆల్ఫ్రెడ్ కోర్తో దగ్గర పియానో, నాదియా బూలాంజే దగ్గర సంగీతం నేర్చిన శాస్త్రీయ కళాకారిణి. కచేరీల దారి వదిలి పాటలకు బాణీలు కట్టడానికి వచ్చింది. ఆ కాలంలో ఆ పని చేసే ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వీధిలో పాడుకున్న పిల్ల, బూలాంజే శిష్యురాలు ఒక పియానో దగ్గర చేరి పాతికేళ్లు పాటలు చేశారు. ‘హిమ్న్ ఆ లామూర్’, ‘మిలోర్’ ఆ జంట ఇచ్చినవే. పియాఫ్ ప్రేమికుల జాబితా బట్టీ పట్టిన జీవిత చరిత్రకారులు ఈ స్నేహాన్ని రెండు పేరాల్లో తేల్చేయడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

యుద్ధం, గులాబీ రంగు

1940లో కవి జాన్ కొక్తో ఆమె కోసమే ‘ల బెల్ ఎందిఫెరాన్’ అనే ఏకాంకిక రాశాడు. మాట్లాడేదంతా ఆమె, ఎదురుగా ప్రియుడు నోరు విప్పడు. అదే ఏడాది జర్మన్ సైన్యం పారిస్‌లోకి దిగింది. ఆమె పాడటం ఆపలేదు. జర్మన్ అధికారులు కూర్చున్న హాళ్లలో పాడింది, జర్మనీకి వెళ్లి ఫ్రెంచి యుద్ధఖైదీల శిబిరాల్లో పాడింది. అదే సమయంలో మిషెల్ ఎమెర్, నోర్బెర్ గ్లాంజ్‌బెర్గ్ అనే యూదు స్వరకర్తలకు సాయపడింది. ఖైదీలతో దిగిన ఫొటోల్లోంచి మొహాలు కత్తిరించి దొంగ గుర్తింపు పత్రాలు చేశారనే కథ ఉంది. దానికి ప్రధాన ఆధారం ప్రతిఘటన ఉద్యమంలో ఉన్న ఆమె సెక్రటరీ ఆంద్రే బిగార్ మాటలే. విమోచన తర్వాత విచారణ సంఘం ఆమె మీద చర్య ఏదీ తీసుకోలేదు. ఆమెను వీరనారిని చేయడం, ద్రోహిని చేయడం రెండూ సులువే. నేను మాత్రం ఆ నాలుగేళ్లూ తన వృత్తి ఆగిపోకుండా చూసుకుంటూ, చేతనైన చోట చెయ్యి అందించిన మనిషినే అందులో చూస్తాను.

పాటలు రాయడం కూడా ఈ రోజుల్లోనే గట్టిగా పట్టుకుంది. బడి చదువు అంతంత మాత్రం, ఉత్తరాల నిండా అక్షర దోషాలు. ఫ్రాన్స్‌లో రచయితల, స్వరకర్తల హక్కులు చూసే సంఘం సాసెం. అందులో చేరాలంటే అప్పట్లో పరీక్ష రాయాలి. ఆమె మొదటిసారి తప్పింది, 1944లో గీత రచయితగా నెగ్గింది. స్వరకర్త అర్హత లేదు. అందుకే ‘లా వీ ఆన్ రోజ్’ (గులాబీ రంగులో జీవితం) బాణీ స్వరకర్త లూయిగీ పేరు మీద నమోదైంది. మొన్నోకు ఆ పాట నచ్చలేదు! మొదట పాడింది మారియాన్ మిషెల్. పియాఫ్ 1946లో రికార్డు చేసింది. తర్వాత అది ఆమె చేతుల్లోంచి కూడా జారిపోయి లూయీ ఆమ్‌స్ట్రాంగ్ దాకా, అక్కడినుంచి ప్రపంచంలోని ప్రతి కాఫీ హోటల్ స్పీకర్ దాకా చేరింది. మొత్తం ఎనభై దాకా పాటలకు ఆమె మాటలు రాసింది. ఈ సంగతి చెబితే ఫ్రెంచి పాట తెలిసినవాళ్లు కూడా నిజమా అంటారు.

1947 శరత్కాలంలో న్యూయార్క్ వెళ్లింది. అమెరికన్లకు పారిస్ అంటే ఈకల టోపీలు, కాళ్లెగరేసే నాట్యాలు. వేదిక మీదికి నల్ల గౌనులో పిట్టంత మనిషి వచ్చి నిలబడేసరికి దిక్కుతోచలేదు. వెంట తెచ్చుకున్న ‘కంపాన్యోన్ ద లా షాన్సోన్’ కుర్రాళ్లకు ఆమెకంటే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. ఆమె తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోదామనుకుంది. అప్పుడు హెరాల్డ్ ట్రిబ్యూన్‌లో స్వరకర్త, విమర్శకుడు వర్జిల్ థామ్సన్ ఆమె గొంతును, కదలికల్లోని పొదుపును మెచ్చుకుంటూ రాశాడు. వెర్సాయ్ అనే క్యాబరే ఆమెను పిలిచింది. 1956, 1957లో కార్నెగీ హాలు.

ఆ పొదుపు చూసి తీరవలసిందే. పాత నలుపు తెలుపు చిత్రాలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. ఆమె నడవదు, ఊగదు. వెలుగు మొహం మీదా చేతుల మీదా పడుతుంది, మిగిలినదంతా నల్ల గుడ్డలో కలిసిపోతుంది. చెయ్యి ఎప్పుడు లేవాలో, వేళ్లు ఎప్పుడు విచ్చుకోవాలో ముందే తేల్చుకున్నది. కొత్త పాటను రోజుల తరబడి ఇంట్లో పియానో దగ్గర సాధన చేసేది, అదీ రాత్రంతా. వాద్యబృందం నడిపే రోబెర్ షోవిన్యీ, అకార్డియన్ వాయించే మార్క్ బొనెల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఆమెతోనే ఉన్నారు. ఆ రాత్రులు వాళ్లకెంత నిద్ర మిగిల్చాయో మరి.

బాక్సర్, విమానం

మార్సెల్ సెర్దాన్ అల్జీరియాలో పుట్టి కాసాబ్లాంకాలో స్థిరపడ్డ బాక్సర్. పెళ్లయింది, ముగ్గురు కొడుకులు. 1948 సెప్టెంబరు 21న జెర్సీ సిటీలో టోనీ జేల్‌ను ఓడించి మిడిల్‌వెయిట్ ప్రపంచ విజేత అయ్యాడు. అప్పటికే ఇద్దరి సంగతీ లోకానికి తెలుసు. మరుసటేడు జేక్ లామోటా చేతిలో ఓడాడు. మళ్లీ తలపడటానికి అమెరికా బయల్దేరాడు. త్వరగా రమ్మని, ఓడ వద్దు విమానంలో రమ్మని పియాఫ్ ఫోన్ చేసింది. 1949 అక్టోబరు 28 తెల్లవారుజామున ఎయిర్ ఫ్రాన్స్ విమానం అజోర్స్ దీవుల్లోని కొండకు గుద్దుకుంది. ఉన్న 48 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వయొలిన్ విద్వాంసురాలు జినెత్ నెవో కూడా అందులోనే పోయింది. ఆ సాయంత్రం వెర్సాయ్‌లో పియాఫ్ కచేరీ రద్దు కాలేదు. పాడింది, మధ్యలో కూలిపోయింది.

సెర్దాన్ పోయాక ఆ దుఃఖంలోంచి ‘హిమ్న్ ఆ లామూర్’ పుట్టిందని లోకం నమ్మకం. తేదీలు ఒప్పుకోవు. మాటలు పియాఫ్, బాణీ మొన్నో. న్యూయార్క్‌లో ఆ పాట మొదట వినిపించింది 1949 సెప్టెంబరులో, ప్రమాదానికి ఆరు వారాల ముందు. ప్రియుడు చనిపోతే ఏమవుతుందో ఆ పాట ముందే ఊహించింది. రికార్డు మరుసటి ఏడాది మేలో వచ్చింది కాబట్టి జనం లెక్క తలకిందులైంది. నన్నడిగితే అసలు వరసే ఎక్కువ భయపెడుతుంది: బతికున్న మనిషి కోసం రాసుకున్న పాటను, అతను పోయాక పద్నాలుగేళ్లు పాడుతూ పోవడం. క్లోద్ లెలూష్ 1983లో ఈ ప్రేమ మీద సినిమా తీస్తే సెర్దాన్ పాత్ర వేసింది సెర్దాన్ సొంత కొడుకే.

1951లో కారు ప్రమాదాలు, నొప్పికి మార్ఫిన్, మార్ఫిన్‌కు అలవాటు, కీళ్ల జబ్బు, ఆపరేషన్లు. 1952లో గాయకుడు జాక్ పిల్స్‌తో పెళ్లి, మార్లీన్ డీట్రిచ్ తోడుండి జరిపించింది. కొన్నేళ్లకు విడాకులు. ఈ భాగాన్ని పత్రికలు అప్పుడే కావలసినంత రాశాయి.

ఆమె ఇంటి బడి

ఆమె ఇల్లొక సత్రం, బడి, నాటక శాల. పారిస్ విమోచన ముందు రోజుల్లో మూలాన్ రూజ్‌లో ఈవ్ మోంటాన్ ఆమెకు ముందు పాడేవాడు. కౌబాయ్ పాటలు పాడుకునే దక్షిణాది కుర్రాడు. ఆ పాటలు మానిపించి, యాస సరిదిద్ది, కొత్త పాటలు రాయించి పెట్టింది. ఏడాది రెండేళ్లలో అతను ఆమెతో సమానంగా జనాన్ని రప్పించసాగాడు. బంధం తెగింది, బహుశా అందుకే తెగింది.

గాయకుడు షార్ల్ అజ్నవూర్ ఏళ్ల తరబడి ఆమె ఇంట్లో ఉన్నాడు. కారు నడిపాడు, దీపాలు చూశాడు, ఉత్తరాలు రాశాడు. తామిద్దరి మధ్య ప్రేమ వ్యవహారం లేదని ఆయనే చెప్పాడు. ముక్కు పెద్దదని ఆపరేషన్ చేయించుకోమని పోరి, తీరా చేయించుకు వచ్చాక మునుపటి ముక్కే బాగుందందట! ‘జ ఎ లె దిమాన్ష్’ పాట రాసిస్తే తనకొద్దంది. అతను గాయని జూలియెట్ గ్రెకోకు ఇచ్చాడు, ఆమెకు దానికి బహుమతి వచ్చింది. అప్పుడు పియాఫ్ కోపగించుకుని, ఆ పాటను తానూ పాడింది. ఇంత అన్యాయం భరించిన అజ్నవూర్ కడదాకా ఆమెను గురువుగానే చెప్పుకున్నాడు. అలెగ్జాండ్రియానుంచి వచ్చిన జార్జ్ ముస్తాకీకి ఆమెతో స్నేహం ఏడాది నిలిచింది. మిగిలింది ‘మిలోర్’ పాట. దొరగారిని రేవు దగ్గరి అమ్మాయి ఓదార్చే కథ అది. 1957 నాటి ‘లా ఫూల్’ అర్జెంటీనాలో విన్న బాణీ. అక్కడినుంచి మోసుకొచ్చి మిషెల్ రివ్‌గోష్‌తో ఫ్రెంచి మాటలు రాయించింది. ఎక్కడ ఏది దొరికినా తనకు పనికొస్తుందా లేదా అని ఒక్క వినికిడిలో తేల్చగల చెవి అది. ద్యుమోన్ పాట దగ్గర జరిగింది కూడా అదే.

ఆ పాటకు ఆమె ఊహించని మరో జీవితం కూడా దక్కింది. అల్జీరియా యుద్ధం సాగుతున్న కాలం. రికార్డును ఆమె ఫ్రెంచి విదేశీ దళానికి అంకితం చేసింది. 1961 ఏప్రిల్‌లో డి గాల్ మీద జనరళ్ల తిరుగుబాటు విఫలమై, అందులో పాల్గొన్న పారాచూట్ రెజిమెంటును రద్దు చేస్తే, ఆ సైనికులు బారకాసులు వదిలి వెళుతూ ఈ పాటే పాడారు. దళంలో అది ఇప్పటికీ సాగుతోంది. పాతవన్నీ తుడిచేసుకున్న ఒక స్త్రీ మాట, చేసినదానికి చింతించని సైనికుల నినాదం అయింది. పాట ఎవరి నోట్లో పడుతుందో గాయకుల చేతిలో ఉండదు.

దేనికీ చింతించనన్న ఆ ఒలింపియా కచేరీ కోసం మరో పని జరిగింది. ద్యుమోన్ పాటలకు చోటు చేయడానికి మొన్నో పాటలు చాలావరకు తప్పుకున్నాయి. పాతికేళ్ల సహచరి మనసు విరిగింది. పాటల ఎంపికలో పియాఫ్ తప్పు చేయలేదనే అంటాను, ఆమె గొంతుకు ఆ రోజు కావలసినది ద్యుమోన్ దగ్గరే ఉంది. మనిషి విషయంలో మాత్రం కర్కశంగా ప్రవర్తించింది. మొన్నో 1961 అక్టోబరులో, అపెండిసైటిస్ ముదిరి, 58వ ఏట చనిపోయింది.

1962 అక్టోబరు 9న పియాఫ్ తియో సరాపోను పెళ్లాడింది. గ్రీకు మూలాలున్న మంగలి కుర్రాడు, 26 ఏళ్లు. ఆమెకు 46. డబ్బు కోసమేనని లోకం గుసగుసలాడింది. ఏడాదికి, 1963 అక్టోబరు 10న, దక్షిణాన గ్రాస్ దగ్గరి ప్లాస్కసియేలో ఆమె కాలేయ వ్యాధితో చనిపోయింది. పారిస్‌లో పోయిందనిపించాలని రాత్రికి రాత్రి అంబులెన్సులో దేహాన్ని తరలించారు. ధ్రువపత్రం 11వ తేదీ అంటుంది. పుట్టిన చోటు, పోయిన చోటు రెండూ కాగితాల్లో ఒకటి, కథల్లో ఒకటి. అదే 11న కొక్తో కూడా చనిపోయాడు. విడాకులు పొందిన మనిషని చర్చి అంత్యక్రియల పూజకు నిరాకరించింది. జనం నిరాకరించలేదు. పేర్ లాషేజ్ శ్మశానానికి సాగిన ఊరేగింపుకు పారిస్‌లో వాహనాలు నిలిచిపోయాయి. యుద్ధం తర్వాత అలా చూడటం అదొక్కసారేనని అజ్నవూర్ చెప్పేవాడు. యాభై ఏళ్లకు, 2013లో, బెల్విల్ చర్చిలో ఆమె కోసం పూజ జరిపారు. డబ్బు కోసం చేసుకున్నాడన్న సరాపోకు వారసత్వంగా వచ్చినవి అప్పులు. 1970లో కారు ప్రమాదంలో పోయి అదే సమాధిలో చేరాడు.

ఇప్పుడు ఎక్కడుంది?

2024 జూలై 26, పారిస్ ఒలింపిక్స్ ప్రారంభం. వానలో ఈఫిల్ టవర్ మీద నిలబడి, అనారోగ్యంతో ఏళ్లుగా వేదికకు దూరమైన సెలిన్ డియోన్ ‘హిమ్న్ ఆ లామూర్’ పాడింది. 1962లో ‘ది లాంగెస్ట్ డే’ సినిమా విడుదల వేళ పియాఫ్ పాడినదీ అదే టవర్ మీదినుంచి. 2024 నవంబరులో ద్యుమోన్ 95వ ఏట పోయాడు.

2023లో వార్నర్ మ్యూజిక్ ఒక ప్రకటన చేసింది. పియాఫ్ జీవితం మీద యానిమేషన్ సినిమా, కృత్రిమ మేధతో తయారుచేసిన ఆమె గొంతే కథ చెబుతుంది. ఆస్తి హక్కుదారుల అనుమతి ఉంది. చట్టం దృష్టిలో అభ్యంతరం లేకపోవచ్చు. ఒక పాటను రాత్రంతా పియానో దగ్గర నలగ్గొట్టి, ఏ మాట దగ్గర ఊపిరి తీయాలో తానే తేల్చుకున్న మనిషికి ఆ గొంతులో ఏ ఎంపికా మిగలదు. నాకది నచ్చలేదు.

కొత్తగా వినాలనుకునేవాళ్లు ‘లా వీ ఆన్ రోజ్’తో మొదలుపెట్టకండి. అది అరిగిపోయింది, లిఫ్టుల్లో కూడా మోగుతోంది. ముందు ‘మోన్ లెజియోనేర్’ వినండి, గొంతులో ఇంకా వీధి దుమ్ము వదలని రోజులవి. తర్వాత మిషెల్ ఎమెర్ రాసిన ‘లకోర్దియోనిస్త్’, చివర ఆమె సంగీతాన్ని ఎలా తెంపుతుందో గమనించండి. ఆ పైన ‘లా ఫూల్’. జనసందోహం ఇద్దరిని కలిపి, మళ్లీ విడదీసే కథ. ఆఖరున ఒలింపియా కచేరీ రికార్డు. అక్కడినుంచి మొన్నో దగ్గరికి వెనక్కి రండి. ఆమె బాణీలు ఇంకా చాలా ఉన్నాయి.